ఒక రోజు, ఒక తట్ట

మా దుకాణంలో రెండు రకాల పేర్లే చెక్కుతాం. చచ్చిపోయినవాళ్లవి, నాయకులవి. చచ్చిపోయినవాళ్లతో ఏ పేచీ ఉండదు. నా తలనొప్పంతా నాయకులతోనే. ఎన్నికల కోడ్ రాబోయే ముందు జనగామ సూర్యాపేట రోడ్డు మీదున్న మా రేకుల షెడ్డుకు ఊపిరాడదు. పునాది తవ్వని పనులకు శంకుస్థాపన రాళ్లు, నీళ్లు రాని బోర్లకు ప్రారంభోత్సవ రాళ్లు, అన్నీ రేపటికే కావాలంటారు.

నా పేరు రూతు. పందొమ్మిదేళ్లుగా ఉలి పట్టుకున్నాను. అంతకుముందు మా నాయిన కిష్టయ్య పట్టాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, ఇప్పుడాయన షెడ్డు మూల మంచం మీద దగ్గుతూ నా మీద అజమాయిషీ చేస్తుంటాడు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. చెక్కబోయేది పైకి చదివి వినిపించాలి, చెక్కమన్నవాడు తల ఊపాలి, అప్పుడే ఉలి ఆనించాలి. ఎందుకంటే గ్రానైటు మీద ఒక్క అక్షరం చెరపడం కుదరదు. మిషన్ పెట్టి రాయి ముఖమంతా అరగదీయాలి.

నెల కింద బీల్యా తండా నుంచి లక్ష్మా అనే పెద్దాయన వచ్చాడు. వాళ్ల తండాకు అడ్డంగా వాగుంది. వాన పడితే పిల్లలకు బడి లేదు, రోగం వస్తే దవాఖాన లేదు. పదిహేనేళ్లు అర్జీలు పెట్టి విసిగిపోయి, పోయిన ఎండాకాలం తండావాళ్లే రాళ్లు మోసి చిన్న వంతెన కట్టుకున్నారు. ఎవరు ఎన్ని రోజులు పని చేశారో లక్ష్మా హాజరు రాసిపెట్టాడు. వంతెన దగ్గర పెట్టే రాయి మీద చెక్కమని ఆ కాగితం నా చేతికిచ్చాడు. ముప్పై ఒక్క పేర్లు, ఒక్కో పేరు పక్కన రోజులు. రెండో పేరు చాందీ, యాభై ఎనిమిది రోజులు.

"నా ఇంటామె, బిడ్డా. పని ఒడిసే వారం ముంగట వడదెబ్బ తగిలి పోయింది. మా భాషకు రాత లేదు, తెలుగుల్నే చెక్కు. దాని పేరు ఓటరు లిస్టుల తప్ప యాడ లేకుండె. పోయినంక గండ్లకెల్లి గూడ తీసేసిన్రు" అన్నాడు.

ఆ పేరు చెక్కేటప్పుడు కళ్లు తుడుచుకున్నాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

రాయి తయారై గోడకు ఆనించి ఉండగా హరీష్ కారు దిగాడు. ఎమ్మెల్యే గారి పీఏ. చేతిలో రంగుల పుస్తకం, ఐదేళ్ల ప్రగతి నివేదిక. ఎమ్మెల్యే గారిని మళ్లీ ఎందుకు గెలిపించాలో నలభై పేజీల్లో ఉంది. పద్నాలుగో పేజీ తెరిచి చూపించాడు. బీల్యా తండా వంతెన! పక్కనే ఎమ్మెల్యే గారు తల మీద తట్ట పెట్టుకుని నవ్వుతున్నారు.

"రేపు సాయంత్రం ఓపెనింగ్, అక్కా. సారు పేరు చెక్కాలె. పెద్ద రాయి తియ్యి."

"పెద్ద రాళ్లు యాడియన్నా? అన్ని మీవోళ్లే పట్కపోయిన్రు."

అతని చూపు లక్ష్మా రాయి మీద పడింది. "గది ఉంది గదా. తిప్పి ఎనుక చెక్కు. ఆ పేర్లు గోడ దిక్కు పెట్టి సిమెంటు పూసేస్తం."

రాయి తీసుకుపోదామని ట్రాలీ ఆటోలో వచ్చిన లక్ష్మా అప్పటికే వాకిట్లో నిలబడి ఉన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"నా చాందీని గోడల పెట్టి పూడుస్తవా, సారూ?" అన్నాడు.

హరీష్ అతనివైపు చూడనైనా లేదు. "అక్కా, గీ షెడ్డు ఎవల జాగల ఉందో యాదికుందా? రోడ్డు ఎడల్పు లిస్టు నా చేతులనే ఉంది" అన్నాడు. అంతలో ఫోన్ మోగితే చెవికి ఆనించుకుని కుర్చీల గురించి, టెంట్ల గురించి అరవడం మొదలుపెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. షెడ్డు పోతే నాయిన మంచం ఎక్కడ వేయాలో నాకు తెలియదు. అది తెలిసి కూడా మండింది.

"కాకా, ఎమ్మెల్యే నిజంగనే తట్ట మోసిండా?" అని లక్ష్మాను అడిగాను.

"మోసిండు, బిడ్డా. లేనిది చెప్పొద్దు. ఒక్క దినం వచ్చిండు, ఒక్క తట్ట మోసిండు, ఫొటో దిగి పోయిండు. హాజరుల గూడ రాసిన. సుట్టం లెక్క వచ్చిండు గదా అని నీకిచ్చిన పేర్లల్ల కలపలే."

నేను హరీష్ ఎదురుగా పోయి నిలబడ్డాను. రోడ్డు మీది లారీవాడికి కూడా వినిపించేలా చదివాను. "ఎమ్మెల్యే గారు, ఒక రోజు, ఒక తట్ట. గిట్లనే చెక్కాల్నా, అన్నా?"

అతను ఫోన్ దించకుండానే తల ఊపాడు. "కానియ్, కానియ్. పేరు మాత్రం పెద్దగుండాలె" అని కారెక్కి పోయాడు.

మూల నుంచి నాయిన అడిగాడు. "చదివినవా?"

"చదివిన."

"విన్నడా?"

"తల ఊపిండు, నాయినా."

ఆయన దగ్గులో నవ్వు కలిసిపోయింది. "ఇగ చెక్కు."

రాయి తిప్పలేదు. చివరి పేరు కింద జానెడు జాగా మిగిలి ఉంది. అక్కడే చెక్కాను, అడిగినట్టే పెద్ద అక్షరాల్లో, 'గారు'తో సహా. తండావాళ్లే రాయి నిలబెట్టి గుడ్డ కప్పారు. హరీష్‌కు ఆ రోజు ఇంకో మూడు ప్రారంభోత్సవాలు. గుడ్డ ఎత్తి చూసే తీరిక దొరకలేదు.

మరునాడు సాయంత్రం నేనూ పోయాను. ఎమ్మెల్యే గారు అరగంట మాట్లాడారు. "నేను ముచ్చట్లు చెప్ప. నా పని చూసి ఓటెయ్యున్రి" అని గుడ్డ లాగారు. లక్ష్మా మనవరాలు దీప డిగ్రీ చదువుతోంది. మైకందుకుని మొదటి పేరు నుంచి చదివింది. చాందీ పేరు దగ్గర ఆడవాళ్లు గొల్లుమన్నారు. దీప మాత్రం ఆపలేదు. ఒక్కో పేరూ చదువుకుంటూ చివరికొచ్చింది.

"ఎమ్మెల్యే గారు, ఒక రోజు, ఒక తట్ట."

ముందు లక్ష్మా చప్పట్లు కొట్టాడు. తర్వాత తండా అంతా కొట్టింది. ఎమ్మెల్యే గారు ఏం చేస్తారు, దండం పెట్టి నవ్వాల్సి వచ్చింది. రాసింది అబద్ధం కాదాయె.

మూడో రోజున షెడ్డుకు నోటీసు అంటించారు. ఏడు రోజుల్లో ఖాళీ చేయాలట. మధ్యాహ్నం హరీష్ ఫోన్ చేశాడు.

"ఆ ఒక్క వరుస తీసెయ్, అక్కా. నోటీసు నేను తీపిస్త."

"ఒక్క వరుస పోదన్నా. ముఖమంత అరగదియ్యాలె. చాందీ గూడ పోతది. నేను ముట్ట."

"మళ్ల మేమే గెలుస్తం, యాదికి పెట్టుకో."

"గెలువున్రి. గెలిచినంక సారును ఇంకో తట్ట మొయ్యమను. రెండని చెక్కుత."

ఫోన్ పెట్టేశాను. భయం లేదంటే ఎవరు నమ్ముతారు? అయినా మిగిలిపోయిన ఒక చిన్న రాతిముక్కను కడిగి, నోటీసు కిందే గోడకు ఆనించాను. కాగితం మీద రెండు వరుసలు రాసుకుని నాయిన మంచం దగ్గరికి పోయాను.

"కిష్టయ్య, ముప్పై నాలుగేళ్లు. రూతు, పందొమ్మిదేళ్లు. ఈ జాగాలనే."

నాయిన లేచి కూర్చున్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. దగ్గు ఆపుకుని చివరిదాకా విని, తల ఊపాడు. నేను ఉలి అందుకున్నాను.