తాళంచెవి మీద మూడు గీతలు

బేడీల తాళం మళ్ళీ పట్టేసింది. కోర్టు వరండాలో జవాను రెండుసార్లు తిప్పి, తిట్టి, తాళంచెవిని ఖైదీ చేతిలోనే పెట్టాడు.

"నువ్వే తియ్యి. నీ విద్యే కదా."

తాళాలు బాగుచేసే ఆ ఖైదీ చెవిని కాస్త వెనక్కి లాగి తిప్పాడు. ఊడింది.

"చుక్క నూనె వెయ్యండి బాబూ."

"బేడీల మీద కూడా జాలేనా నీకు!" జవాను నవ్వాడు.

లోపల పడి పదకొండు నెలలు. ఇది ఏడో వాయిదా.

బట్టలకొట్టు యజమాని బీరువాలో నగలు పోయాయి. బీరువాకే వేలాడుతూ మారు తాళంచెవి ఒకటి దొరికింది. దాని తల మీద ఆకురాయితో గీసిన మూడు గీతలు. అవి ఇతనివే. చేసిన ప్రతి చెవి మీదా గీస్తాడు, అరిగినా విరిగినా తన దగ్గరికే తేవాలని. తండ్రి నేర్పిన పద్ధతి. దొంగపనికి ఎవడైనా తన గుర్తు వేస్తాడా అని ఒక్కరూ ఆలోచించలేదు.

ఆ మారు చెవి చేయించింది యజమాని బావమరిది. అసలు చెవి తెచ్చి, "ఒకటి పోతే ఇంకోటి ఉండాలయ్యా" అన్నాడు. ఆ మాట ఇతను చెబితే పోలీసులు ఆయన్నీ పిలిచారు. కుర్చీ వేశారు. మూడో రోజుకి బెయిలు. ఇతనికీ బెయిలన్నారు, పూచీకి ఇంటి పత్రాలు తెమ్మన్నారు. అద్దెగదికి పత్రాలెక్కడివి? ఇప్పుడు బావమరిది ముద్దాయి కాడు. సాక్షి.

సర్కారు ఇచ్చిన లాయరు కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఒప్పేసుకోవయ్యా. లోపలున్న పదకొండు నెలలే శిక్ష కింద కట్టేస్తారు. సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. లేదంటావా, ఇది ఎన్నాళ్ళు సాగుతుందో నాకే తెలీదు."

"నేను చెయ్యలేదు కదా బాబూ."

"చేశావా అని నేనడిగానా?"

భార్య గోడవారగా నిలబడి ఉంది. పాచిపని చేసే నాలుగిళ్ళలో రెండిళ్ళవాళ్ళు దొంగ పెళ్ళామని మాన్పించారు.

"మీ అమ్మ వారం నుంచి ముద్ద మింగట్లేదయ్యా. వాకిలి వైపే చూస్తోంది. ఒప్పేసుకో. నోటిమాటేగా, ఒళ్ళేం అరగదు."

"దొంగ చేతికి తాళం ఎవరిస్తారే?"

"రాళ్ళు మోద్దాం. ముందు నువ్వు రా."

అతను లాయరు వైపు తిరిగి "సరే" అన్నాడు.

కోర్టు లోపల గుమస్తా ఆ మూడు గీతల తాళంచెవిని అతని చేతికిచ్చాడు.

"ఇది నువ్వు చేసిందేనా?" జడ్జి కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"నేనే అయ్యా."

"దీంతో బీరువా తెరిచి నగలు తీశావా?"

లాయరు తల ఊపాడు. గుమ్మంలో భార్య. వాకిలి వైపు చూస్తున్న తల్లి కళ్ళు మనసులో మెదిలాయి. బొటనవేలు గీతల మీద ఆగింది. మూడూ వంకర లేకుండా ఉన్నాయి.

"లేదయ్యా."

జడ్జి తల ఎత్తాడు.

"ఇది చేసింది నేను. దొంగతనం నాది కాదు. చేయించుకున్నాయన అదిగో, బెంచీ మీద ఉన్నాడు. ఆయన్ని అడగండి."

ఎవరూ అడగలేదు. జడ్జి గడియారం చూశాడు. నాలుగు నెలలకి వాయిదా పడింది.

వరండాలో భార్య కొంగు నోట్లో కుక్కుకుని మెట్లు దిగిపోయింది.

జవాను బేడీలు తెచ్చాడు. మణికట్టుకి తగిలించాడు గానీ చెవి తిరగలేదు. విసుగ్గా ఇతనికే చాచాడు.

"ఇదిగో, నువ్వే వేసుకో."

అతను చెయ్యి చాచలేదు.

"తియ్యమంటే తీస్తాను బాబూ. వెయ్యడం నా పని కాదు."

జవాను కళ్ళెర్రజేసి మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు. తాళం పడలేదు.