దాచిపెట్టిన చప్పుళ్లు

ఊళ్లో అందరూ పనులకు బయల్దేరే వేళకు ఆ మేడమీది వాటాలో పొద్దు గుంకేది. కిటికీల మీదికి మందపాటి నల్లని తెరలు దిగేవి. ఇల్లాలు గడియ కింద చూపుడువేలు పెట్టి, ఇనుముకు ఇనుము తగలకుండా, దాన్ని నెమ్మదిగా దించేది. లోపలిగదిలో ఆమె భర్త అప్పుడే నడుం వాల్చేవాడు. ఆయన ఊరి చివర సీసాల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు మేస్త్రీ. గాజు కరిగే కొలిమిని ఒకసారి వెలిగించారంటే ఏళ్ల తరబడి ఆరనివ్వరు. దాని ముందు ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. పెళ్లికి ముందు నుంచీ ఆ మేలుకునేవాడు ఆయనే. పెళ్లయ్యాక, ఆయన నిద్రకు మేలుకుని ఉండే పని ఆమెది అయింది.

నిశ్శబ్దం ఊరికే దొరికేది కాదని ఆమెకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. దాన్ని ఆమె రోజూ పొద్దున్నే, అన్నం వండినట్టు, కొత్తగా వండేది. ధార చప్పుడు లేకుండా బకెట్లోకి జారేలా కుళాయి మూతికి గుడ్డపేలిక కట్టేది. కుర్చీ కాళ్లకు పాత మేజోళ్లు తొడిగేది. కుక్కరు కూతలన్నీ ఆయన పనికి వెళ్లిన తరవాతే. తుమ్ము వస్తే మెట్ల మీదికి పరిగెత్తేది.

పిల్ల పుట్టాక ఇది మరీ కష్టమైంది. చంటిపిల్లను తుమ్ములా మెట్ల మీదికి పంపేయలేం కదా. ఏడుపు మొదలుపెడితే పిల్లను ఎత్తుకుని అలమారు తెరిచి, మడతపెట్టిన బొంతల మధ్య ఆ చిన్న మొహాన్ని ఊపిరాడేంత దూరంలో ఉంచేది. ఏడుపంతా బొంతల్లోకి పోయేది. పిల్ల కాస్త పెద్దదయ్యాక నవ్వులు ఎక్కువయ్యాయి. నవ్వు వస్తే బియ్యం డబ్బా మూత తీసి చూపించేది. పిల్ల అందులోకి వంగి తనివితీరా నవ్వేది. నవ్వడం అయ్యాక తల్లి మూత బిగించేది.

అలా పెరిగిన పిల్ల మునివేళ్ల మీద నడిచేది. బళ్లో తోటిపిల్లలు దానికి 'పిల్లి' అని పేరు పెట్టారు. ఒకసారి టీచరు తల్లిని పిలిపించి, "ఏమ్మా, మీ అమ్మాయికి మాటలొచ్చా?" అని అడిగింది. "వచ్చండీ, చాలా నెమ్మది పిల్ల," అంది ఈమె గర్వంగా. దారిలో సగం దూరం నడిచాక గాని, టీచరు అడిగింది మెచ్చుకుంటూ కాదని ఆమెకు తట్టలేదు.

అటువంటి రోజుల్లోకి ఆ రోగం వచ్చింది.

వీధులు మూతపడ్డాయి. ఫ్యాక్టరీలో కొలిమి ఆరిపోకుండా కనిపెట్టుకోవడానికి కొద్దిమందిని అక్కడే ఉంచేసి, మిగిలినవాళ్లను ఇళ్లకు పంపేశారు. మేస్త్రీ ఇంటికి వచ్చాడు. నిద్ర అలవాటు తిరగబడటానికి కొన్నాళ్లు పట్టింది. ఆ తరవాత ఒక ఉదయం ఆయన మంచం దిగి వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. పగటివేళ తన ఇల్లు ఎలా ఉంటుందో ఆయన చూడటం దాదాపు అదే మొదలు.

చూసి బెదిరిపోయాడు. భార్య పెదవులు కదపకుండా కూరగాయలు తరుగుతోంది. కూతురు గోడవారగా నీడలా వెళ్లిపోతోంది. తననెవరూ పలకరించడం లేదు. ఆయన మేలుకునే ఉన్నా, పగలనేసరికి ఆ తల్లీకూతుళ్ల అడుగూ గొంతూ వాటంతటవే మెత్తబడుతున్నాయి. ఇదేమీ ఆయనకు తెలియదు. తననేదో వెలివేశారనుకున్నాడు. కొన్ని రోజులు ఆయన కూడా నోరు మెదపలేదు. ముగ్గురూ మేలుకుని, ఒకరినొకరు చూసుకుంటూ, ఎవరో నిద్రపోతున్నట్టు మసలారు.

చివరికి ఆయనే ఆమె చెవి దగ్గరికి వంగి గుసగుసగా అడిగాడు: "నా మీద కోపమా?"

"అయ్యో, కోపమేమిటండీ?" ఆమె కూడా గుసగుసగానే అంది.

"మరి మాట్లాడరేం?"

"మీరు లేస్తారని."

"లేచే ఉన్నాను కదే!"

ఆ మాట ఆయన మామూలు గొంతుతో అన్నాడు. గది ఉలిక్కిపడింది. పిల్ల చేతిలోని గ్లాసు జారి కిందపడి, గుండ్రంగా దొర్లుకుంటూ వెళ్లి, గోడకు తగిలి ఆగింది. ముగ్గురూ ఆ చప్పుడు ఆగేదాకా విన్నారు. ఏమీ కాలేదు. మేస్త్రీ లేచి కుళాయి దగ్గరికి వెళ్లాడు. "దీనికి కట్టు ఎందుకు కట్టారే? దెబ్బ తగిలిందా?" అన్నాడు. పిల్లకు నవ్వొచ్చింది. అలవాటు కొద్దీ పరిగెత్తుకెళ్లి బియ్యం డబ్బా మూత తీసింది.

మూత తీయగానే డబ్బాలోంచి నవ్వు బయటికి వచ్చింది. అది ఇప్పటి నవ్వు కాదు. ఇంకా పాలపళ్లు ఊడని రోజుల నవ్వు. మధ్యమధ్య ఊపిరి అందక ఎగబీల్చి, మళ్లీ అందుకుని కిలకిలా దొర్లే నవ్వు.

"ఎవరే అది?" అన్నాడు మేస్త్రీ.

"మనమ్మాయేనండీ. నాలుగో ఏడు కాబోలు. మీ చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుంది ఆ రోజు."

"ఓహో," అని ఆయన నేలమీద చతికిలబడ్డాడు. నవ్వు అయిపోయేదాకా అక్కడి నుంచి లేవలేదు.

ఆ తరవాత ఒక్కొక్కటీ బయటపడింది. బొంతలు విప్పితే పళ్లొచ్చే రోజుల ఏడుపు. దిండు గలీబు తిరగేస్తే మొట్టమొదటి 'నాన్నా'. పిల్ల ఆ మాట అన్నప్పుడు ఆయన గోడకవతల గాఢనిద్రలో ఉన్నాడు. ఇప్పుడు ఆ గలీబును ఒళ్లో పెట్టుకుని, ఎవరో అప్పుడే పిలిచినట్టు, "ఊఁ" అని పలికాడు.

కింది వాటాలో ఉండే ముసలావిడ ఆ ఇంటి యజమానురాలు. ఆమె మెట్ల మలుపులో నిలబడి, దూరం పాటిస్తూనే కేకేసింది: "అమ్మాయ్! మీ ఇంట్లో చంటిపిల్ల ఉండేదని నాకు ఇప్పుడు తెలిసిందే! ఇన్నాళ్లూ మీరు మనుషులా దయ్యాలా అనుకున్నాను."

"గోల ఎక్కువైందా పిన్నిగారూ?"

"గోలకేం, ఉండనీ. ఆ గదికి చెమ్మ ఎక్కువ, ఆ ఏడుపులు బొంతలకి పట్టేసి ఉంటాయి. ఎండలో వెయ్యి, ఒక పూటలో ఆరిపోతాయి."

ఆమె అలాగే చేసింది. డాబా మీద బొంతలు పరిస్తే సాయంత్రందాకా చంటిపిల్ల ఏడుపు సన్నసన్నగా ఆవిరయ్యేది. పక్కింటి డాబా మీదివాళ్లు తల తిప్పి చూసి, తమ పనిలో పడేవారు. కిటికీ తెరలు విప్పి ఆమె ముసలావిడకు ఇచ్చేసింది. వాటితో ముసలావిడ వీధిలో అందరికీ ముక్కుగుడ్డలు కుట్టింది. ఇంట్లోకి వెలుతురు వచ్చింది. మేస్త్రీ కూతురికి జడ వేయడం నేర్చుకున్నాడు. మొదట్లో ఆ జడ పగ్గంలా ఉండేది. "నాన్నా, నన్ను కట్టేస్తున్నావా?" అని పిల్ల అరిచేది. అరవడం! ఆ పిల్ల గొంతుకు అంత బలం ఉందని కన్నతల్లికే తెలియదు.

అయినా ఆ సంతోషాన్ని ఆమె తలెత్తుకుని అనుభవించలేకపోయింది. ఎదురింట్లో సైకిలు షాపు ఆయన అన్న పోయాడు. తీసుకెళ్లడానికి బండి వచ్చింది. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. వదినగారు గుమ్మంలో నిలబడి, నోటికి గుడ్డ అడ్డంగా కట్టుకుని, బండి మలుపు తిరిగేదాకా చూసి తలుపు వేసుకుంది. ఆ ఏడాది ఆ వీధిలో చావులు మాటల్లేకుండా జరిగాయి. లోకమంతా మూగబోయిన రోజుల్లోనే తన ఇంటికి గొంతు వచ్చింది. ఎవరి నష్టం మీద ఈ లాభం నిలబడిందో తెలిశాక దాన్ని లాభమని ఎలా పిలవాలి? అలాగని కాదని ఎలా అనాలి? గ్లాసు కిందపడితే ఎవరూ ఉలిక్కిపడని ఇల్లు తనకు కావాలని ఆమె ఎన్నడూ ఎవరినీ అడగలేదు. అడగవచ్చని కూడా తెలియదు. ఇప్పుడు దాని రుచి తెలిసింది.

రోగం నెమ్మదించాక ఫ్యాక్టరీ మేనేజరు ఫోను చేశాడు. మందుల సీసాలకు గిరాకీ పెరిగిందట. రాత్రి షిఫ్టు మళ్లీ మొదలు. "ఆలోచించుకో మేస్త్రీ, రేపు మధ్యాహ్నం మళ్లీ చేస్తాను," అన్నాడు. అందులో ఆలోచించుకోవడానికి ఏముందో మాత్రం చెప్పలేదు.

మేస్త్రీ ఆ సాయంత్రమంతా వేలితో బల్ల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. "పగటి షిఫ్టులో ఏరుడుబల్ల దగ్గర ఖాళీ ఉందిట," అన్నాడు చివరికి. బుడగలు పడిన సీసాలను ఏరి పక్కన పెట్టే పని అది. "అక్కడ పెద్ద ఎవరో తెలుసా? నా దగ్గర పని నేర్చుకున్నవాడే. వాడు 'అది తియ్, ఇది పెట్టు' అంటుంటే నేను తల ఊపాలి."

"మీకెందుకండీ ఆ తలవంపు?" అందామె. "మీరు వెళ్లండి. ఇల్లు నేను చూసుకుంటాను. నాకేమైనా కొత్తా?"

"నిజంగానే అంటున్నావా?"

"నిజంగానే."

ఆయన నమ్మాడు. అన్నీ నిబ్బరంగా చూసుకునే మనిషని ఆమె మీద ఆయనకు మొదటి నుంచీ గురి. ఆ మాట విన్న పిల్ల లేచి మంచినీళ్లకు వెళ్లింది. వెళ్లేటప్పుడు మడమలు నేలకు ఆనడం లేదు. తల్లి చూసింది. చూసి మొహం తిప్పుకుంది.

మర్నాడు భోజనాలయ్యాక ఆమె పని మొదలుపెట్టింది. కిటికీలకు తెరలు కావాలి. మందపాటి దుప్పట్లేవైనా ఉంటాయేమోనని మంచం కింది ట్రంకుపెట్టెను బయటికి లాగి మూత ఎత్తింది. ఇంట్లో అన్నీ ఆరిపోయాయనే అనుకుంది ఆమె. ఆ పెట్టెను తెరిచి మాత్రం చాలా ఏళ్లయింది.

పెట్టెలోంచి ఒక ఆడమనిషి ఏడుపు లేచింది. పొట్టలోంచి తోడుకుంటూ వచ్చిన ఏడుపు. 'అమ్మా' అన్న ఒక్క మాట తప్ప మరో మాట లేదు అందులో. పిల్ల పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఇది ఎవరిది?"

"నాదే," అందామె.

మేస్త్రీ గుమ్మంలో నిలబడిపోయాడు. ఆయనకు ఆ గొంతు తెలియదు. కాని ఆ రోజు తెలుసు. ఆ రోజు సాయంత్రం ఎప్పటి వేళకే ఆమె తనను లేపి, టీ గ్లాసు చేతికిచ్చి, "మా అమ్మ పోయిందండీ. పొద్దున కబురొచ్చింది. బట్టలు సర్దాను," అంది. ఎంత గుండె దిటవు అనుకున్నాడు. కొలిమి దగ్గర నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. కబురుకూ టీకీ మధ్యన ఒక పగలంతా ఉందని, ఆ పగలు ఆమె ఎక్కడ గడిపిందో తాను అడగలేదని ఇప్పుడు తెలిసింది. గోడ అవతల తాను నిద్రపోతున్నాడు. ఇవతల ఆమె ఈ పెట్టెలో తల దూర్చి ఉంది.

ఆమె చేయి దానంతటదే మూత మీదికి వెళ్లింది. ఆయన వచ్చి మూతను పట్టుకున్నాడు. "వద్దు. రానీ."

"పిల్ల భయపడుతుందండీ."

"నాకేం భయం లేదు," అంది పిల్ల, తల్లి భుజానికి ఆనుకుని కూర్చుంటూ.

అప్పుడు ఫోను మోగింది. ఆయన ఒక చేత్తో మూతను అలాగే పట్టుకుని, రెండో చేత్తో ఫోను అందుకున్నాడు.

"ఏం మేస్త్రీ, ఏమనుకున్నావు?" అన్నాడు మేనేజరు. మరుక్షణం గొంతు తగ్గించాడు. "ఎవరయ్యా ఆ ఏడుపు? ఇంట్లో ఏమైనా..."

"మా అత్తగారు పోయారండీ."

"అయ్యయ్యో. ఎప్పుడు?"

"చాలా ఏళ్లయిందండీ. మాకు ఇప్పుడే వినిపించింది."

"అవునయ్యా, ఒక్కోసారి అంత ఆలస్యమవుతుంది," అన్నాడు మేనేజరు మెల్లగా. "ఎన్నాళ్లు సెలవు కావాలో చెప్పు."

"సెలవు కాదండీ. నన్ను ఏరుడుబల్లకు మార్చండి."

"తొందరపడకు. ఒకసారి అక్కడికి వెళితే మళ్లీ కొలిమి మేస్త్రీవి కాలేవు. ఇంకొకడు వస్తాడు నీ చోటికి."

"ఇక్కడ చప్పుడుగా ఉందండీ, సరిగా వినపడటం లేదు. పగటి షిఫ్టేనండీ. రేపు పొద్దున వస్తాను," అని ఆయన ఫోను పెట్టేశాడు.

భార్య ఆయన మొహంలోకి చూసింది. వద్దని చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. పెట్టెలోని గొంతే, కొన్నేళ్లు ముదిరిన గొంతే, బయటికి వచ్చింది. కొంతసేపటికి పెట్టెలో ఏడుపు సన్నగిల్లి, వెక్కిళ్లయి, ఆగిపోయింది. గదిలో ఏడుపు ఆగలేదు. పిల్ల తల్లి వీపు నిమురుతూనే ఉంది.

మేస్త్రీ పెట్టె మూతను వెనక్కి వాల్చేసి లేచాడు. వీధివైపు కిటికీ రెక్కలు రెండూ గోడకు కొట్టుకునేంత గట్టిగా తెరిచాడు. ఆ ఏడుపు వీధిలోకి దిగింది. కింద ముసలావిడ చేస్తున్న పని ఆపి అరుగు మీదికి వచ్చి కూర్చుంది. కాసేపటికి ఎదురింట, రోగం రోజుల్లో బండి వెళ్లిపోయాక మూసుకున్న తలుపు తెరుచుకుంది. సైకిలు షాపు ఆయన వదినగారు గుమ్మంలోకి వచ్చి నిలబడి విన్నది. ఆ తరవాత కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకోబోయి, మధ్యలో చేయి దించేసి, గొంతెత్తి ఏడ్చింది.