మెట్టు దిగి చెప్పే మాట

మా మామగారు సీతారామాంజనేయులు గారు కొట్టులో ఉండగా "లేదు" అన్న మాట అనగా ఎవరూ వినలేదు. జగ్గయ్యపేట బజారులో మాది కిరాణా కొట్టు, ఆయన తండ్రి పెట్టింది. సరుకు అయిపోతే "రేపు రండి" అనాలి, "దారిలో ఉందండీ" అనాలి. అంతేగానీ గల్లాపెట్టె ముందు కూర్చుని లేదు అనకూడదు. లక్ష్మీదేవి వింటే లేచి వెళ్లిపోతుందట. కోడలిగా వచ్చిన కొత్తలోనే నాకూ ఈ పాఠం చెప్పారు.

ఇప్పుడు నాకు ముప్పై తొమ్మిదేళ్లు. ఆదివారాలు నందిగామ వెళ్లి ఒక ప్రైవేటు కాలేజీలో రిటైల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాను. కూతురు ఇంటర్ చదివే వయసులో తల్లి బ్యాగు తగిలించుకుని నందిగామ బస్సెక్కడమేమిటని మా వీధిలో నవ్వుకుంటారు. నవ్వుకోనీ. హైవే వైపు మార్టు తెరిచాక మా కొట్టుకు జనం పలచబడ్డారు. మా ఆయనకు తన బ్యాంకు ఉద్యోగం తప్ప వేరే ధ్యాస లేదు. మామగారేమో దసరా వెళ్లగానే కొట్టును సెల్‌ఫోన్ల షోరూముకు అద్దెకిచ్చేస్తానన్నారు. షోరూము పెట్టబోయే రాజ్‌కిరణ్ వచ్చి గోడలు కూడా కొలుచుకున్నాడు. నా కళ్లముందే టేపు పట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కొట్టు నాకు కావాలి. నేను చదువుతున్నదే దానికోసం.

"దసరా దాకా ఆగండి మామయ్యగారూ. జనం ఎందుకు మానేస్తున్నారో కనిపెడతా," అన్నాను.

"కనిపెట్టేదేముందమ్మాయ్. అక్కడ ఏసీలో తిరగొచ్చు, ఇక్కడ ఫ్యాను కింద నిలబడాలి," అన్నారు.

నేనూ అదే అనుకున్నాను. కానీ ఆ మార్టులోనే బిల్లులు కొట్టే జాయిస్ నా క్లాస్‌మేటు. "మా ఏసీ సగం రోజులు పనిచెయ్యదక్కా," అని నవ్వింది. మరి జనం అక్కడికి ఎందుకు పోతున్నట్టు?

మా లెక్చరర్ కల్యాణ్ నాకంటే పదేళ్లు చిన్నవాడు. ఆయన నన్ను మేడమ్ అంటాడు, నేను ఆయన్ని సార్ అంటాను, ఇద్దరికీ ఇబ్బందే. ప్రాజెక్టు పని చెబుతూ, "మీ దగ్గర కొనడం మానేసినవాళ్ల ఇంటికెళ్లి అడగండి. కొనేవాళ్లను అడిగితే మొహమాటానికి అంతా బాగుందంటారు," అన్నాడు.

మానేసినవాళ్లలో నన్ను బాగా బాధపెట్టిన మనిషి సౌభాగ్యమ్మగారు. రిటైరైన టీచరు, మా వీధి చివరే ఇల్లు. మా కొట్టు ముందు నుంచే నడిచి వెళ్లి, మూల మీద ఆటో ఎక్కి మార్టుకు పోయేది. ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లి సూటిగా అడిగేశాను.

"కోపం తెచ్చుకోకు ప్రసన్నా," అంది ఆవిడ. "నాకు షుగరు కదా, జొన్నపిండి కోసం మీ కొట్టుకొచ్చా. మీ మామగారు రేపు రండి అన్నారు. వచ్చా. మళ్లీ రేపన్నారు. ఈ మోకాళ్లతో ఎండలో ఎన్నిసార్లని తిరగను? మార్టులో అయితే అర ఖాళీగా కనబడుద్ది. సరే అనుకుని ఇంటికొచ్చి ఇంకోటి వండుకుంటా. లేదని ఒక్కమాట చెప్తే నేనెందుకు అంతదూరం పోతా చెప్పు."

మేము మర్యాద అనుకుంటున్నదే జనాన్ని తరిమేస్తోంది. ఆ "రేపు రండి" నేనూ ఎంతమందికి చెప్పానో.

ఈ సంగతి మామగారికి ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాను. కొట్టులో ఆ మాట ఎత్తడానికి వీల్లేదు గనుక.

"మా నాన్న అనలా, నేను అనలా. లక్ష్మి ఉన్నచోట ఆ మాట ఎట్లా అంటానమ్మాయ్?" అన్నారు.

"లక్ష్మీదేవి సంగతి నాకు తెలియదండీ. సౌభాగ్యమ్మగారు మాత్రం వెళ్లిపోయారు."

నా నోటి దురుసు నాకు తెలుసు. అయినా అనేశాను. ఆయన మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు. ఆ తర్వాత నాతో మాటల్లేవు. ఏం కావాలన్నా మా అమ్మాయితో చెప్పించేవారు.

నవరాత్రుల ముందు సౌభాగ్యమ్మగారు పసుపు కుంకుమల కోసం వచ్చింది. అవి మాత్రం మా దగ్గరే కొనేది. పొట్లాలు సంచిలో పెట్టుకుని, "జొన్నపిండి ఉందా అండీ?" అని అడిగింది.

డబ్బా ఖాళీ. మామగారికీ తెలుసు, నాకూ తెలుసు. "రేపు" అన్న మాట ఆయన పెదవుల దాకా వచ్చి ఉంటుంది. నేను చెప్పేద్దామా అనిపించింది గానీ, పళ్ల బిగువున ఊరుకున్నాను. అది ఆయన కొట్టు, ఆయనే చెప్పాలి.

ఆయన గల్లాపెట్టె పైనున్న లక్ష్మీదేవి పటం వంక చూశారు. తర్వాత లేచి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి రోడ్డు మీద నిలబడ్డారు. "టీచరుగారూ, ఒకసారి ఇట్లా రండి," అని పిలిచారు. ఆవిడ అయోమయంగా దిగి వెళ్లింది.

"జొన్నపిండి లేదమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "గురువారం వస్తది. రాగానే ఇంటికి పంపిస్తా, మీరు నడవొద్దు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని పైకొచ్చి, ఏమీ జరగనట్టు కూర్చున్నారు. గురువారం పిండి వెళ్లింది. వెంటనే ఆవిడ ఫోన్ చేసి నెల సరుకులన్నీ చెప్పింది.

అప్పటినుంచి ఏ సరుకు అయిపోయినా ఆయన మెట్లు దిగడమే. జనం మొదట వింతగా చూశారు, తర్వాత అలవాటు పడ్డారు. ఈ సంగతి క్లాసులో చెబితే, ఇది ఏ పద్ధతి కిందికి వస్తుందో కల్యాణ్ సారుకు అంతుపట్టలేదు. మానేసినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొస్తున్నా, మామగారు అద్దె సంగతి మాత్రం ఎత్తలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

దసరా వెళ్లింది. రాజ్‌కిరణ్ అగ్రిమెంటు కాగితాలతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "సంతకం పెడితే పని మొదలెడతా అంకుల్," అన్నాడు. నేను పప్పు తూస్తున్నాను. ఆ కాగితాల వంకే చూస్తూ పోస్తుంటే గింజలు కింద పడ్డాయి.

మామగారు పటం వంక చూశారు. లేచారు. రాజ్‌కిరణ్ భుజం మీద చెయ్యేసి, "రా నాయనా, ఒకసారి కిందికి పోదాం," అన్నారు.

ఆయన పాదం మొదటి మెట్టు మీద పడగానే నాకు ఏడుపొచ్చింది.

"అద్దెకు లేదు నాయనా," అని రోడ్డు మీద నుంచి వినిపించింది. "మా కోడలు నడుపుకుంటది."

"ఆ మాట లోపలే చెప్పొచ్చుగా అంకుల్," అన్నాడు రాజ్‌కిరణ్.

"లోపల చెప్పే మాట కాదది," అన్నారు మామగారు. ఆయన కాళ్లు కడుక్కుని పైకొచ్చేలోపు నేను కళ్లు తుడుచుకుని, పడిన గింజలు ఏరడం మొదలుపెట్టాను.