చిన్నదానికి కొట్టిన మేకు

తూర్‌బోర్గ్ రోజూ పొద్దున్నే కాఫీ తాగి, కాడ్ చేపలు ఆరేసిన దడుల పక్కనుంచి నార్వేలోని ట్రోమ్సో ఊరి తంతి ఆఫీసుకి నడుస్తుంది. ఉత్తరాన దీవుల్లో వాతావరణ కేంద్రం చూసే అల్లుడు ఎయివిన్ గాలి, చలి కబుర్లు పంపుతాడు. చివర్లో కూతురు ఆస్లౌగ్ క్షేమం, ఒక్క మాట.

ఆ దీవులెన్నో ఇప్పటికీ తేలలేదు. మూడొందల ఏళ్ల కిందట తిమింగలాల వేటకొచ్చిన డచ్చి కెప్టెన్ నాలుగని రాశాడు. తర్వాతొచ్చిన ఇంగ్లీషువాడికి మూడే కనిపించాయి, డచ్చివాడు తాగి ఉంటాడన్నాడు. స్వీడన్ వాళ్లు పొగమంచులో అయిదు లెక్కపెట్టారు. దీవుల్లో చిన్నది ఈదుకుంటూ వాళ్ల ఓడని చుట్టి రెండోసారి ఎదురొచ్చింది మరి. చలికాలమంతా అక్కల దగ్గరుండి, ఎండ మొహం చూడగానే అది దక్షిణాన మంచు లేని నీళ్లలోకి దిగొస్తుంది. సీల్ వేటగాళ్లు ఎదురైతే చెయ్యూపుతారు.

పోయిన వేసవి ముగిసి అది అక్కల దగ్గరికి తిరిగెళ్లాక పటాల శాఖ అధికారి వచ్చి, లెక్క తేల్చాలని దాని నడినెత్తిన ఇనప మేకు దిగ్గొట్టి వెళ్లాడు. ఎయివిన్ వాతావరణ కేంద్రం, కాపురం ఉన్నవి దానిమీదే. మేకున్నా వసంతంలో చిన్నది ఎలాగూ దక్షిణానికి వస్తుంది కదా అని ఆస్లౌగ్ కాన్పు గురించి ఎవరూ బెంగపడలేదు.

ఏప్రిల్ వచ్చింది. చిన్నది కదల్లేదు. మంత్రసానిని ఎక్కించుకెళ్లిన ఓడ మంచులో దారి లేక రెండుసార్లు తిరిగొచ్చింది.

ఆ రోజు తూర్‌బోర్గ్ తంతి ఆఫీసులో తంతులు కొట్టే యోర్డిస్ ముందు కూర్చుని అంది.

“రాయి. మేకు పీకండి.”

జవాబు వెంటనే వచ్చింది. అది సర్కారు ఆస్తి అనీ, నెలనెలా దాని సంగతి రాసి పంపాలనీ, పీకితే ఉద్యోగం పోతుందనీ, అత్తయ్య మన్నించాలనీ.

“నీ అల్లుణ్ణి పంపింది గాలి చూడ్డానికా, మేకుకి కాపలాకా?” అంది యోర్డిస్.

తూర్‌బోర్గ్ నవ్వలేదు. “రాయి. ఎయివిన్, నా కూతురు ఏ శాఖ ఆస్తి?”

జవాబు మర్నాడు గాలి, చలి అయ్యాక చివర్లో వచ్చింది: ఆస్లౌగ్ గడ్డపార పట్టుకుని బయల్దేరితే లాక్కుని తనే పీకాడట.

అయిదో రోజు తూర్‌బోర్గ్, మంత్రసాని ఎక్కిన పడవకి చిన్నది ఎదురొచ్చింది, ఆరేసిన బట్టలతో సహా. నొప్పులు మొదలై అప్పటికే ఒక రాత్రి గడిచింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. మంత్రసాని చేతులు కడుక్కుని లోపలికెళ్లి తలుపేసుకుంది. బయట రాతిమీద తూర్‌బోర్గ్, ఎయివిన్ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. కింద దీవి మెల్లగా సాగుతూనే ఉంది.

మధ్యాహ్నానికి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. ఇంకో పూట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదంది మంత్రసాని.

బాప్తిస్మం నాడు పాదిరిగారు పెద్ద పుస్తకం తెరిచి, పుట్టిన చోటు పటంలో ఎక్కడో చెప్పమన్నారు.

“దారిలో అని రాయండి” అంది తూర్‌బోర్గ్.

పాదిరిగారు కలం సిరాలో ముంచి, అలాగే రాశారు.