తెలుగులో మొదటి పూజ

సుధ పెళ్ళికి తల్లి తెరేజమ్మ రాలేదు. పెళ్ళికొడుకు వరప్రసాద్ చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. ఆమెకు వచ్చిన చిక్కల్లా అతను లూథరన్ ప్రొటెస్టెంటు కావడమే. తెరేజమ్మది ఫిరంగిపురం. తాతముత్తాతల నుంచీ ఆర్సీయం, అంటే రోమన్ కాథలిక్ కుటుంబం.

పెళ్ళిచూపుల రోజు భోజనాల ముందు వరప్రసాద్ ప్రార్థన చేస్తూ దేవుణ్ణి 'నీ నామము' అన్నాడు. తెరేజమ్మ వాళ్ళ జపంలో 'మీ నామము' అంటారు. ఆమె కళ్ళు తెరిచేసింది.

"దేవుణ్ణి నువ్వు అనే ఇంటికి నా పిల్లనెట్టా ఇచ్చేది?" అంది అందరి ముందూ.

"కన్నతండ్రిని మీరంటే పరాయివాణ్ణి చేసినట్టు కాదా అండీ?" అన్నాడు వరప్రసాద్. అతనూ కుర్రవాడే అప్పుడు.

పెళ్ళి గుంటూరులో, అతని చర్చిలో జరిగింది. సుధ ఆ సంఘంలోనే చేరింది. కొన్నాళ్ళకి ఇద్దరూ నార్త్ కరోలినాలోని క్యారీకి వచ్చి స్థిరపడ్డారు. కూతురు కృతి పుట్టాక తెరేజమ్మ ఫోన్లో మాట్లాడడం మొదలుపెట్టింది కాని, అల్లుడితో మాత్రం "బాగున్నారా?" దగ్గరే ఆగిపోయేది. అతనూ "బాగున్నానండీ" అని ఫోను సుధకి ఇచ్చేసేవాడు.

కృతికి పదిహేనేళ్ళు వచ్చిన ఏడాది సెప్టెంబరులో తెరేజమ్మ మొదటిసారి కూతురింటికి వచ్చింది. ఆదివారాలు సుధ ఆమెను కాథలిక్ చర్చికి తీసుకువెళ్ళేది. తండ్రీకూతుళ్ళు తమ చర్చికి వెళ్ళేవారు. మధ్యాహ్నం నలుగురూ కలిసి తినేవారు. చర్చి సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. ఆ ఎత్తకపోవడమే సుధకి ఊపిరాడనిచ్చేది కాదు.

అక్టోబరు చివరి ఆదివారం లూథరన్లకు పండగ. తమ సంఘం ఎలా పుట్టిందో ఆ రోజు తలుచుకుంటారు. ఈసారి ఐదు నిమిషాలు మాట్లాడమని పాస్టర్ కృతిని అడిగాడు. ఆ పిల్ల లూథర్ గురించి చెబుతుందనే అందరూ అనుకున్నారు. కృతి మనసులో వేరే మనిషి ఉన్నాడు. ఆ మధ్య స్కూలు వాళ్ళు విన్‌స్టన్-సేలం తీసుకువెళ్ళినప్పుడు మొరేవియన్లనే పాత క్రైస్తవ సంఘంవాళ్ళ సమాధుల తోట చూసింది. ధనికుడికీ పేదకీ ఒకే కొలత రాయి, నేలకి ఆనుకుని. వీళ్ళెవరని అడిగితే అక్కడి గైడు యాన్ హుస్ కథ చెప్పింది.

ఒక సాయంత్రం కృతి వంటింట్లో అటూ ఇటూ నడుస్తూ ప్రసంగం ప్రాక్టీస్ చేస్తోంది. తెరేజమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"ఏందే చదువుతన్నావు?"

"స్పీచ్, అమ్మమ్మా. కాథలిక్స్ నుంచి ఎందుకు బ్రేక్ అయ్యారు అని."

పొయ్యి దగ్గరున్న సుధ చేతిలో గరిటె ఆగింది.

"మమ్మల్ని తిట్టేదానికి నువ్వే దొరికావా వాళ్ళకి?"

"తిట్టడం కాదు. స్టోరీ. వింటావా?"

తెరేజమ్మ ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. కృతి ఆమె ఎదురుగా కూర్చుని తనకొచ్చిన తెలుగులో చెప్పింది. ఆరు వందల ఏళ్ళ క్రితం ప్రాగ్ ఊళ్ళో హుస్ అని ఒక ఫాదర్ ఉండేవాడు. చర్చిలో అంతా లాటిన్. ఆయన మాత్రం జనం మాట్లాడే భాషలోనే ప్రసంగాలు చేశాడు. పాపక్షమాపణని డబ్బుకి అమ్మడం తప్పన్నాడు. పెద్దలు విచారణకి పిలిచారు. ప్రాణానికి భయం లేదని రాజు మాట ఇస్తే వెళ్ళాడు. జైల్లో పెట్టారు. అన్నది తప్పని ఒప్పుకోమన్నారు. ఒప్పుకోలేదు. కాల్చేశారు. ఆయన వెనకాల వాళ్ళే తర్వాత మొరేవియన్లని వేరే సంఘం పెట్టుకున్నారు. లూథర్ పుట్టింది అప్పటికి చాలా ఏళ్ళ తర్వాత.

తెరేజమ్మ చేతులు కదలడం లేదు.

"జనం భాషలో చెప్పాడనేనా చంపింది?"

"అదొక్కటే కాదు, చాలా రీజన్స్ ఉన్నాయి. బట్, అది కూడా ఉంది."

తెరేజమ్మ అంది, "మా చిన్నప్పుడూ పూజంతా లాటిన్లోనేనే. ఫాదర్ అటు తిరిగి చెప్పేవారు. మాకు వీపే కనపడేది. అర్థం తెలీకుండానే కంఠతా పట్టాం. నీ ఈడప్పుడు ఒక ఆదివారం ఆయన మా వైపు తిరిగారు. తెలుగులో మొదలుపెట్టారు. మాయమ్మకి అక్షరం ముక్క రాదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, 'ఇయన్నీ నాకు తెలుస్తన్నయ్యే!' అంది. పూజ అయ్యేదాకా ఏడుస్తానే ఉంది."

సుధ ఈ మాట ఎప్పుడూ వినలేదు. పొయ్యి ఆపి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"మనోళ్ళు ఆయన గురించి తర్వాత ఏమన్నా అన్నారా?" అని అడిగింది తెరేజమ్మ.

"అన్నారు. నైన్టీన్ నైన్టీనైన్‌లో పోప్ అన్నారు, అలా చంపినందుకు చాలా బాధగా ఉందని."

"అయితే అది కూడా చెప్పు. కాల్చింది చెప్పి వదిలేస్తే సగం కథే అయిద్ది." మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంటూ, "నేనూ వస్తా. సరిగ్గా చెప్తావో లేదో చూస్తా" అంది.

వరప్రసాద్ ఆ రాత్రి సుధని రెండుసార్లు అడిగాడు, నిజంగా అలా అందా అని.

ఆదివారం తెరేజమ్మ చేతిలో జపమాలతోనే లూథరన్ చర్చిలోకి అడుగుపెట్టింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కృతి ఇంగ్లీషులో మాట్లాడింది. తెరేజమ్మకి సగమే అర్థమైంది. హుస్ పేరు వినపడింది, పోప్ మాట వినపడింది. చివర్న 'ఫిరంగిపురం' అని అమెరికా యాసలో వినపడింది. ఆ తర్వాత కృతి ఒక చేత్తో రెండో చేతిని గట్టిగా పట్టుకుని చూపించింది. చెయ్యి పట్టుకుని ఏడ్చిన ముత్తవ్వ గురించి చెబుతోందని తెరేజమ్మకి తెలిసిపోయింది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి ఆమె వంక చూసి నవ్వారు. ఆమె తల వంచుకుంది.

ఆ తర్వాత రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సమయం వచ్చింది. వరసలు లేచాయి. సుధా కృతీ లేచారు.

"మా ఆర్సీయంవాళ్ళు ఇక్కడ తీసుకోకూడదు బాబూ. మీరెళ్ళండి" అంది తెరేజమ్మ అల్లుడితో.

"తెలుసత్తయ్యా." అతను లేవలేదు.

"పండగ పూట మీరు తీసుకోకపోతే ఎట్టా?"

"మిమ్మల్ని ఒక్కర్నీ కూర్చోబెట్టి నేనెట్టా వెళ్తాను? వచ్చే వారం తీసుకుంటాను."

ఆ వరసంతా ఖాళీ అయ్యింది, వాళ్ళిద్దరూ తప్ప. దూరం నుంచి సుధ వెనక్కి తిరిగి చూసి, గబుక్కున మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

తెరేజమ్మ చాలాసేపు వాళ్ళు పాడుతున్న పాట వింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మీ అమ్మగారు ఎట్టా ఉన్నారు బాబూ?"

ఇన్నేళ్ళలో ఆమె ఆ ప్రశ్న అడగలేదు. వరప్రసాద్ ఆమె వైపు తిరిగాడు.

"బానే ఉందండీ. గుంటూరులో మా అన్నయ్య దగ్గర. మోకాళ్ళ నొప్పులు. ఎక్కడికీ కదల్లేదు."

"క్రిస్మస్‌కి ఇంటికి పోతా గదా, ఒకసారి వెళ్ళి చూసొస్తా. వియ్యపురాలి ముఖమే సరిగ్గా చూడలేదు నేను." జపమాల వేళ్ళకి చుట్టుకుంటూ, "ఆవిడకి కొరమేను పులుసు ఇష్టమేనా?" అంది.

"చాలా ఇష్టమండీ."

"ముళ్ళు తీసి వండుతా" అంది తెరేజమ్మ.