ఎల్మాస్ ఆఖరి షిఫ్టు

దుప్పటి అంచును రెండు వేళ్ళ మధ్య దొరకబుచ్చుకుని, ఒక్కసారి విదిలించి, ఇస్త్రీ రోలరు నోటికి అందించాలి. అవతలి అంచు రోస్విటా చేతిలో ఉంటుంది. ఇద్దరూ ఒకే క్షణాన వదలాలి. ఒకరు తొందరపడ్డారా, దుప్పటి వంకరపోయి ఆ వేడి కింద ముడతలు పడుతుంది, మళ్ళీ ఉతుకుడే. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరి చేతుల్లో అలా పాడైన దుప్పట్లు పట్టుమని పది కూడా ఉండవు. ఆడుకున్న మాటలు కూడా ఎక్కువేం కాదు. రోలర్ల హోరులో ఏం మాట్లాడతారు, ఎవరు వింటారు?

సెప్టెంబరు ఆఖరి శుక్రవారం అది. జర్మనీలోని బీలెఫెల్డ్ ఊరి చివర, ఆసుపత్రుల గుడ్డలు ఉతికే ఆ లాండ్రీలో మా ఎల్మాస్‌కి అదే ఆఖరి షిఫ్టు. మధ్యాహ్నం రెండుంబావు దాటితే ఇక పింఛనే.

పొట్టి మనిషి. రోలరు ఎత్తు అందడానికి కాళ్ళ కింద చెక్కపీట వేసుకుంటుంది. మోచేతుల కింద వరసగా కాలిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని నిన్నటివి. వెనక్కి ముడేసిన రుమాలు ఏడింటికల్లా చెమటతో తడిసి మెడకి అంటుకుంటుంది. వేళ్ళ కొసలు ఎంత నునుపుతేలాయంటే, పోయినేడు పాస్‌పోర్టు కోసం వెళితే ఆ యంత్రం ఆవిడ వేలిముద్రను మూడుసార్లు ఒప్పుకోలేదు. "ఏం చేశావమ్మా ఈ వేళ్ళను?" అని అడిగాడట గుమాస్తా. "పనిచేశాను బాబూ" అందట.

టర్కీలో యోజ్గాట్ దగ్గర ఒక పల్లె నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఇక్కడి ఇనుప ఫ్యాక్టరీలో పనిచేసే భర్త దుర్సున్ వెంట వచ్చింది. పిల్లలు పుట్టలేదు. మొదటి అయిదేళ్ళు ఇంటిపట్టునే ఉంది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు తెల్లారకముందే లేచి ఒక పెద్ద ఆఫీసులో నేలలు తుడిచింది. ఎనిమిదింటికి ఆఫీసువాళ్ళు వచ్చేసరికి బయటపడాలి, అదీ నిబంధన. అంటే ఇరవై ఆరేళ్ళు జర్మనీలో ఉండి ఆవిడ జర్మన్లను చూడలేదు, వాళ్ళ కుర్చీలనే చూసింది. ఎవరి కుర్చీ వెనక కోటు ఉంటుందో, ఎవరి బల్లమీద బిస్కట్ల పొడి ఉంటుందో తెలుసు. ఎవరి ముఖమూ తెలియదు. ఆ తర్వాత ఈ లాండ్రీ. ఏడేళ్ళ కిందట దుర్సున్ పోతే శవాన్ని ఊరికి పంపించి, తను మళ్ళీ వచ్చి పీట ఎక్కింది. రెండు గదుల ఇంట్లో ఒక్కతీ. సాయంత్రం తలుపు మూశాక మళ్ళీ పొద్దున దాకా తన గొంతు తనకే వినపడదు.

ఊళ్ళో తమ్ముడు రిఫాత్ వారానికోసారి ఫోను చేస్తాడు. మొన్న చేసినప్పుడు కాస్త విసుక్కున్నాడు కూడా.

"అక్కా, నీకు పై గది కట్టించమంటావా వద్దంటావా? మంచు పడితే ఇక పని సాగదు. మేస్త్రీ నా ప్రాణం తోడేస్తున్నాడు."

"శుక్రవారం సాయంత్రం చెబుతాలేరా."

"శుక్రవారానికి నీకేం కలలోకొచ్చి చెబుతారా ఎవరైనా?"

"చెబుతానన్నాగా. ఫోను పెట్టేయ్."

శుక్రవారం ఎందుకో వాడికి చెప్పలేదు. ఎలా చెబుతుంది, నవ్విపోడూ? ఇల్లు ఖాళీ చేస్తున్నానని ఇంటాయనకి రాసిన ఉత్తరం స్టాంపు అంటించి మరీ సంచీలో పెట్టుకుంది. తనలో తను ఒక మాట అనుకుంది: ఆఖరి రోజున వీళ్ళు నన్ను తమ మనిషిలా సాగనంపితే ఈ ఊళ్ళోనే ఉండిపోతాను. లేదూ, ఈ ఉత్తరం డబ్బాలో వేసి వెళ్ళిపోతాను. పల్లెకి వెళితే సుఖమని కాదు. అక్కడ ఆవిడ 'జర్మనీ పిన్ని'. ఎండాకాలం సెలవుల్లో వెళితే పిల్లలు చాక్లెట్ల కోసం చుట్టూ మూగి, పంచగానే చెదిరిపోతారు. ఇక్కడ, నలభై రెండేళ్ళుగా నడిచిన వీధుల దగ్గర, ఒక్కరు, ఒకే ఒక్కరు "ఉండిపో" అంటే చాలు.

ఆశపడడానికి కారణాలు లేకపోలేదు. ఈ పదకొండేళ్ళలో నలుగురు పింఛను పుచ్చుకుని వెళ్ళారు. ప్రతిసారీ ఆఖరి రోజు తొమ్మిదింటి విరామంలో టీ గదిలో బల్లనిండా తినుబండారాలు: మాంసం పెట్టిన బన్నులు, బంగాళాదుంపల సలాడ్, ప్లమ్ పండ్ల కేకు. పళ్ళేలు సర్దేది ఎప్పుడూ రోస్విటాయే. చూసిన ప్రతిసారీ ఎల్మాస్‌కి కడుపు నిండిపోయేది. వెళ్ళిపోయే మనిషికి ఎంత మర్యాద చేస్తున్నారు వీళ్ళు, వీళ్ళని రాతి మనుషులంటారే మావాళ్ళు, అనుకునేది. ఈ వారం సంతకాల కోసం ఒక కార్డు చేతులు మారుతూ తిరగడం కూడా కంటబడింది. తను దగ్గరికి వస్తే, తువ్వాళ్ళు మడతపెట్టే ఊటె దాన్ని ఆ గుట్ట కింద దాచేసింది. దాచడం చేతకాదు పాపం ఆ ఊటెకి, ముఖం టమాటాలా ఎర్రబడింది. ఎల్మాస్ చూడనట్టు నటించింది.

తొమ్మిదయింది. రోలర్లు ఆగాయి.

టీ గదిలోకి వస్తూనే చూసింది: ఎవరి చేతిలోనూ తిండి డబ్బా లేదు. రోజూ డబ్బా లేనిదే అడుగు వెయ్యని ఊటె కూడా ఉత్తి ఫ్లాస్కుతో వచ్చింది. బల్ల తళతళలాడుతోంది. రోస్విటా తెల్ల పళ్ళేలు వరసగా పెట్టి, పక్కన కాగితపు రుమాళ్ళు మడిచి పెడుతోంది. ఎల్మాస్ కూడా ఇవాళ ఏమీ తెచ్చుకోలేదు. కుర్చీలో సర్దుకుని కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికూతురిలా.

అందరూ కూర్చున్నారు. ఆరుగురూ ఆవిడ వంక చూసి నవ్వారు. ఆవిడా వాళ్ళ వంక చూసి నవ్వింది.

"పొద్దున ఏమైనా తిన్నావా ఎల్మాస్?" అంది ఊటె.

"లేదు" అంది సిగ్గుపడుతూ.

"మేమూ తినలేదు!"

అంతా గొల్లుమన్నారు. ఎల్మాస్ కూడా. నవ్వు సద్దుమణిగింది. గోడ గడియారం ముల్లు కదిలింది. తలుపు తెరుచుకుని సూపర్‌వైజర్ బ్రెన్నెకె తల లోపలికి పెట్టాడు. ఖాళీ పళ్ళేలు చూశాడు.

"ఇంకా మొదలవలేదా? సరే, మళ్ళీ వస్తాను" అని తలుపు మూసేశాడు.

అయితే బయట నుంచి తెప్పిస్తున్నారన్నమాట, అనుకుంది ఎల్మాస్. ఇంత ఖర్చు ఎందుకు పెట్టుకున్నారో అని నొచ్చుకుంది కూడా.

ఎవరూ రాలేదు. ఇరవై నిమిషాల విరామంలో పదిహేను నిమిషాలు అలాగే గడిచాయి. ఊటె లేచి నడవాలో చిరుతిళ్ళ మెషీను దగ్గరికి వెళ్ళి రెండు వేఫర్ పొట్లాలు తెచ్చి పక్కవాళ్ళకి విరిచి పెట్టింది. రోస్విటా పళ్ళేలు ఒక్కొక్కటే తీసి అలమరలో పెట్టేసింది. ఎల్మాస్ తన ముందున్న పళ్ళేన్ని తనే అందించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇంతకీ జరిగిందేమిటి? ఆ దేశంలో వెళ్ళిపోయేవాళ్ళే విందు పెట్టాలి. పుట్టినరోజు కేకు కూడా పుట్టినవాళ్ళే తెచ్చుకోవాలి. నన్ను ఇన్నాళ్ళు భరించారు, రండి, తినండి, అని వెళ్ళే మనిషి పిలవాలి. అప్పుడు వీళ్ళు కార్డూ కానుకా ఇచ్చి కావలించుకుంటారు. అంతకుముందు ఇవ్వరు. ఆ బన్నులూ కేకులూ అన్నీ ఆ వెళ్ళిపోయిన నలుగురూ తెల్లవారుజామున లేచి తెచ్చినవే! రోస్విటా పళ్ళేలు మాత్రమే సర్దేది. ఎల్మాస్‌కి ఎలా తెలుస్తుంది? పుట్టినరోజు సంగతి ద్వారా అయినా తెలిసేదే, కానీ మా పల్లెల్లో పుట్టిన తేదీ ఎవరు రాసిపెట్టారు? కాగితాల్లో అందరిదీ జనవరి ఒకటి. ఆ రోజు లాండ్రీకి సెలవు.

మాలో అయితే వెళ్ళేవాళ్ళకి ఉండిపోయేవాళ్ళు పెట్టాలి. నేను వెళ్ళిపోతున్నానహో అని తనే పళ్ళెం చేతపట్టుకుని తిరిగితే కానుకల కోసం చెయ్యి చాచినట్టే, సిగ్గుమాలిన పని. లేకపోతే ఎల్మాస్ పెట్టలేకనా? పండక్కి మసీదులో రెండు వందల మందికి అన్నం పెట్టి ద్రాక్షాకులు చుట్టిన చెయ్యి అది! ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే ఆ బల్ల ఒరిగిపోయేలా పెట్టేది.

చెప్పలేదు. పదకొండింటికి తువ్వాళ్ళ గుట్టల వెనక గుసగుసలు నడిచాయి.

"మధ్యాహ్నం పెడుతుందేమో?" అంది ఊటె.

"రెండుంబావుకి వెళ్ళిపోయే మనిషి ఇంకెప్పుడు పెడుతుంది?" అంది పక్కనున్నావిడ.

"పోనీ ఉపవాసమేమో? వాళ్ళకి ఉంటాయిగా."

"వాళ్ళ ఉపవాసాలు ఎప్పుడో అయిపోయాయి. వెళ్ళి అడగనా రోస్విటా?"

"ఊరుకో. నోరు తెరిచి అడిగి పెట్టించుకుంటామా?" అంది రోస్విటా. "కొందరికి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోవడమే ఇష్టం. వద్దనుకున్న మనిషిని మనం బలవంతపెట్టకూడదు."

"మరి ఈ కార్డు?"

"ఉంచు."

ఊటె దాన్ని తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టుకుంది. అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా అని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అటు ఆవిడా అడగలేదు, ఇటు వీళ్ళూ అడగలేదు. మర్యాద, మర్యాద! రెండు వైపులా మర్యాదే, మధ్యలో ఆ ఆడమనిషి ఆకలితో మాడిపోయింది.

మధ్యాహ్నం దుప్పట్లు ఎప్పటిలాగే వచ్చాయి, నాలుగు ఆసుపత్రులవి. ఎల్మాస్ అందుకుంది, విదిలించింది, అందించింది. కళ్ళు తడిసినా ఆవిరిలో ఎవరికి కనపడుతుంది? పన్నెండున్నరప్పుడు ఒక దుప్పటి వంకరపోయింది. ఎవరు ముందు వదిలారో ఇద్దరికీ తెలుసు.

"పోనీలే" అంది రోస్విటా.

"నాదే తప్పు" అంది ఎల్మాస్.

"ఒక్క దుప్పటికేం."

రెండుంబావుకి బ్రెన్నెకె వచ్చి చెయ్యి కలిపాడు. పని దుస్తులు ముట్టాయని కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. "మంచి విశ్రాంతి దొరకాలి ఎల్మాస్ గారూ. మీలాంటి పనిమంతులు దొరకరు" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆవిడ తల ఊపింది. రాతి మనిషి అని తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేశాడు.

బట్టలు మార్చుకునే గదిలో రోస్విటా చాలాసేపు కోటు గుండీలు పెట్టుకుంటూ నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది ఆవిడ, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని. చలికాలానికి ముందే పెదాలు పగిలిపోతాయి.

"ఎల్మాస్."

"ఊఁ?"

రోస్విటా పెట్టుకున్న గుండీ మళ్ళీ విప్పింది.

"ఏం లేదు. నీ బస్సు ఎన్నింటికి?"

"రెండున్నరకి."

"ఓహో" అని, సంచీ భుజాన వేసుకుని గబగబా బయటికి నడిచింది.

ఎల్మాస్ కిటికీలోంచి చూసింది. రోస్విటా వెనక్కి తిరగకుండా కార్లు నిలిపే చోటికి పోతోంది. పదకొండేళ్ళు ఒకే గుడ్డకి చెరో కొసా పట్టుకున్న మనిషి, వెళ్ళొస్తానని కూడా అనలేదు. అప్పుడు తెగిపోయింది ఎల్మాస్ లోపల ఆశ. కోపం కాదు. కోపమైతే బాగుండేది. నలభై రెండేళ్ళు ఒకరి ఇంటి గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడి, ఇప్పుడు మళ్ళీ వంగి ఆ చెప్పులు తొడుక్కున్నట్టయింది.

అందరూ చూసే పెద్ద గేటు వైపు వెళ్ళడానికి మనసొప్పలేదు. సామాను లారీలు వచ్చే పక్క గేటులోంచి బయటికి నడిచింది. బస్టాపు పక్కనే పసుప్పచ్చ తపాలా డబ్బా. సంచీలోంచి ఉత్తరం తీసింది. ఒక్క నిమిషం లాండ్రీ పొగగొట్టం వైపు చూసింది. ఉత్తరం వేసేసి, లోపల పడిన చప్పుడు విన్నాక మూత వదిలింది. బస్సు సరిగ్గా సమయానికి వచ్చింది. ఆ దేశంలో బస్సుకేం లోటు లేదు. ఎక్కి కూర్చుని, తమ్ముడికి ఫోను చేసింది.

"పై గది కట్టించరా" అంది. "కిటికీ రోడ్డు వైపు పెట్టించు. మనుషులు కనపడతారు."

అదే సమయానికి రోస్విటా రొప్పుకుంటూ బట్టలు మార్చుకునే గదిలోకి తిరిగి వచ్చింది. ఆచారం లేదు, గీచారం లేదు, ఇచ్చే తీరాలి అనుకుని కారు డిక్కీలోంచి కానుక తెచ్చింది. గది ఖాళీగా ఉంది. పెద్ద గేటు దాకా పరుగెత్తింది, అక్కడా లేదు. బస్టాపుకి వెళితే బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఒకరి ఫోను నంబరు ఒకరి దగ్గర లేదు. బ్రెన్నెకెని అడిగితే, "చిరునామా నేను ఇవ్వకూడదు రోస్విటా, నీకు తెలుసుగా" అన్నాడు బాధగా. ఆవిడకీ మనసు చివుక్కుమంది. బస్సు రెండున్నరకి అని చెప్పి, గదిలో రెండు నిమిషాలు ఆగలేదు. నిజంగానే వద్దనుకుంది మనల్ని, అనుకుంది.

రోస్విటాకి రైలు పట్టాల పక్కన, ఊరివాళ్ళు అద్దెకి తీసుకునే చిన్న తోటల్లో ఒక తోట ఉంది. భర్త పోయినప్పటి నుంచి అందులో సగం బీడు పడి ఉంది. ఆ సగం ఎల్మాస్‌కి ఇద్దామని, ఊటెకి కూడా చెప్పకుండా, ఆగస్టు నుంచీ అనుకుంటోంది. కానుకతో పెట్టిన చీటీలో రాసింది: 'శనివారం పదింటికి రా. ఆ పక్క మడి నీది. ఏం నాటుతావో నీ ఇష్టం, నాకు వంకాయ పెంచడం రాదు.'

సోమవారం ఎల్మాస్ పీట మీదకి కొత్త మనిషి వచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో బెంచీ కొసన రోస్విటా వదిలేసిన కానుకను మాత్రం ఎవరూ కదపలేదు: ఎల్మాస్ కాలి కొలతకి ముప్ఫై ఆరో నంబరు ఆకుపచ్చ రబ్బరు బూట్లు, జత కలిపి కట్టిన దారం ఇంకా విప్పలేదు, ఎడమ బూటు లోపల అడుగున తోట తాళంచెవి.