తొలి పెంకు

మీ తాతగారిది పెంకుటిల్లయితే మనం దూరపు చుట్టాలమే. నేను ఒక పెంకుల మరని. ఎత్తులో మనిషి భుజం దాకా వస్తాను కానీ బరువులో జత గేదెలకు తీసిపోను. నెత్తిన బండిచక్రమంత చక్రం, దాని కింద మెలికల ఇరుసు, ఇరుసు చివర పై అచ్చు, దానికి ఎదురుగా కింది అచ్చు. మధ్యలో మట్టి పలక పెట్టి ఇద్దరు మనుషులు చక్రం గిర్రున తిప్పితే, నేను ఒక్క మూలుగు మూలుగుతాను. పెంకు తయారు.

పుట్టింది పడమటి సముద్రపు ఒడ్డున, మంగుళూరులోని ఒక ఇనుప పోతల కార్ఖానాలో. రైల్లో సామర్లకోట వచ్చి, అక్కడ పడవెక్కి, గోదావరి కాలువ మీద పెనుగుంటపాలెం చేరాను. నన్ను తెప్పించినవారు కొవ్వూరి బసివిరెడ్డిగారు. అప్పటికి పాతికేళ్ళ వయసు. పడవలోంచి దింపుతుంటే గట్టు మీద ఊరంతా నిలబడి నవ్వింది. బంగారంలాంటి మాగాణి ఉండగా మట్టి పిసుక్కుని బతుకుతాడట అని.

నవ్విన వాళ్ళందరి ఇళ్ళూ తాటాకువే. ఏటా ఎండాకాలంలో ఎవరో ఒకరి పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచేది, వీధికి వీధి బూడిదయ్యేది. కాలకపోతే వానకి కుళ్ళేది. ఏడాదంతా చేసిన కష్టంలో కొంత మళ్ళీ కప్పు నేయడానికే పోయేది. రెడ్డిగారు చూసింది ఇదీ, దీనితోపాటు ఇంకో మూడూ. కాలువలో పూడిక మట్టి ఊరికే ఉంది. బియ్యం మిల్లుల దగ్గర ఊక కొండల్లా పడి ఉంది, బట్టీ కాల్చుకోవచ్చు. నాట్లకీ కోతలకీ మధ్య మనుషులు ఖాళీగా ఉన్నారు. విడివిడిగా ఎవరికీ పనికిరాని ఈ మూడింటినీ ఒకచోట చేర్చడానికి మధ్యలో నేను కావలసి వచ్చాను.

ఆ తరవాత పాతికేళ్ళు నా వైభవం చెప్పుకోవాలి. ముగ్గురితో మొదలైన పని ఎనభై మందికి చేరింది. ఒకప్పుడు ఎత్తుకుపొమ్మంటే ఎవరూ ఎత్తుకుపోని ఊకకి ధర వచ్చింది. బండ్లు చాలక లారీలు వచ్చాయి. గేటు ముందు టీ హోటలు, దాని పక్కన సైకిలు షాపు వెలిశాయి. పెంకు వేయించినవాడు గోడకి సున్నం కొట్టించాడు, సున్నం కొట్టించినవాడు తలుపులకి రంగు వేయించాడు. ఏటా కప్పు నేసే బాధ తప్పినవాడు ఆ మిగులుతో ఓ పాడిగేదెను కొన్నాడు. నా ఒక్క మూలుగులోంచి ఎంతమంది అన్నం తిన్నారో నాకే ఆశ్చర్యం.

మా కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉండేది. ఏటా తొలి బట్టీ దింపినరోజు, అందులోని మొదటి పెంకును రెడ్డిగారి ఇంటి కప్పు మీదకి చేర్చాలి. పాతదొకటి తీసి కొత్తది పెట్టాలి. రెడ్డిగారు కింద నిలబడి నిచ్చెన పట్టుకునేవారు, ఎవరో కుర్రాడు ఎక్కేవాడు, నా దగ్గర పెంకు అందుకునే చిట్టెమ్మ దానికి పసుపు రాసి పైకి అందించేది. మా పెంకు మేమే కప్పుకుంటామని ఊరికి చూపించడం అన్నమాట. ఇంతకన్నా మంచి ప్రకటన ఏ పత్రికలోనూ పడలేదు.

సంపద పెరిగితే మనిషికి ముందుగా విసుగొచ్చేది తన ఇంటి మీదే. రెడ్డిగారి భార్య సుభద్రమ్మగారి చెల్లెలు కాకినాడలో డాబా ఇల్లు కట్టుకుంది.

"జిల్లా అంతటికీ కప్పులేసిన మనిషివి, నీ పెళ్ళాం ఇంకా బల్లుల కింద కాపరం చేయాలా?" అన్నారట సుభద్రమ్మగారు.

రెడ్డిగారు ఆర్నెల్లలో పెంకులన్నీ దింపించి, ఇనుమూ సిమెంటూ పోయించి, బల్లపరుపు స్లాబు వేయించారు. ఆ స్లాబులో ప్రతి పైసా నేను మూలిగి సంపాదించిందే. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు పులిహోర తింటూ తలెత్తి చూశారు. పెంకుల ఆసామే పెంకు తీసేశాడంటే అందులో ఏదో లోటు ఉండే ఉంటుందని చేతులు కడుక్కునే లోపల తేల్చేశారు.

ఆ ఏడు తొలి పెంకు పట్టుకుని చిట్టెమ్మ వాకిట్లో నిలబడింది.

"అయ్యగారండీ, దీన్నెక్కడ పెట్టమంటారండి?"

రెడ్డిగారు బుర్ర గోక్కున్నారు. "ఆ పిట్టగోడ మీద పెట్టవే."

రెండు రోజులకి అది సుభద్రమ్మగారి మజ్జిగ కుండ మీద మూతైందని విన్నాను.

ఆ మర్నాటి నుంచి నా మూలుగులు తగ్గాయి. రెడ్డిగారు ముందు ధర తగ్గించారు. తరవాత మట్టి తగ్గించారు. పెంకు పల్చబడి మోసేవాళ్ళ చేతుల్లోనే విరిగింది. ఆ తరవాత గేటుకి కొత్తగా రంగు వేయించారు. జనం మళ్ళీ పెంకుకే వస్తారని పదేళ్ళు అన్నారు. అచ్చు మార్చాలన్న మాట మాత్రం ఎన్నడూ అనలేదు. ఎనభై మంది పదకొండు మంది అయ్యారు, అందరూ ఆడవాళ్ళే. టీ హోటలు మూతబడింది. చక్రం తిప్పే మగవాళ్ళు మిగలక ఆడవాళ్ళే ఇద్దరిద్దరు తిప్పేవారు.

వాళ్ళకి పెద్ద నూకరత్నం, చిట్టెమ్మ కూతురు. వేలితో కొట్టి ఆ చప్పుడుతో మట్టి పదును చెప్పగలదు. కార్ఖానా మూస్తే ఆ పదకొండు మందికీ మిగిలేది పన్నెండు మైళ్ళ అవతలి రొయ్యల షెడ్డు. తెల్లారకుండా వ్యానెక్కాలి, రోజంతా మంచులో చేతులు పెట్టాలి. నూకరత్నం ఒకసారి వారం రోజులు వెళ్ళి, వేళ్ళు ముడుచుకోలేక తిరిగొచ్చింది.

అలా ఉండగా ఒక వేసవిలో, ఒక మంగళవారం రెడ్డిగారు చెప్పనే చెప్పారు. పాత ఇనుము కొనే మస్తాను వచ్చే సోమవారం వస్తాడు, మరని కోసి పట్టుకుపోతాడు అని. చెప్పి, రోజూలాగే నా పక్కన మడత మంచం వేసుకుని పడుకున్నారు. మూడేళ్ళుగా ప్రతి ఎండాకాలం మధ్యాహ్నం ఆయన అలా వస్తారు. మా షెడ్డు మీద పెంకు కదా, చల్లగా ఉంటుంది.

నూకరత్నం మట్టి చేతులు కడుక్కుని మంచం దగ్గర నిలబడింది.

"అయ్యగారండీ, రోజూ ఇక్కడికి ఎందుకొత్తన్నారండీ?"

"పని చూసుకోడానికే."

"పన్లేక కదండీ మరమ్మేత్తన్నారు."

రెడ్డిగారు ఒక కన్ను తెరిచారు. "ఏంటే నీ గొడవ?"

"మీ డాబాలో ఉడికిపోతన్నారండి. అమ్మగారు చాప తడిపి పరుచుకుంటన్నారంట. అమ్ముడుపోని పెంకు పెరడంతా పడుంది. ఒక్క గది స్లాబు మీద సున్నం పోసి పరిచి చూపిత్తాను. సోమవారం దాకా ఆగండి."

"స్లాబు మీద పెంకేంటే? చొక్కా మీద చొక్కాలా?"

"ఎండలో గొడుగేసుకోరాండీ మీరు?"

రెడ్డిగారు అటు తిరిగి పడుకున్నారు. వద్దని అనలేదు గనక పదకొండు మందీ అదే అనుమతి అనుకున్నారు.

రెండు రోజుల్లో పడమటి గది మీద పెంకులు బోర్లా పరిచారు. శనివారానికి తీర్పు వచ్చింది, ఇచ్చింది ఆ ఇంటి పిల్లి. అది వంటింటి గట్టు వదిలి పడమటి గదికి మకాం మార్చింది. దాని వెనక సుభద్రమ్మగారు తడి చాప వదిలేసి వెళ్ళారు. ఆదివారం మధ్యాహ్నం నా పక్కన మడత మంచం పడలేదు. నాకు గుండె ఉంటే అది అప్పుడు కొట్టుకునేది. మనిషి సుఖంగా కునుకు తీస్తున్నాడంటే నేను బతికినట్టా, లేక నన్ను మరిచిపోయినట్టా?

సోమవారం మస్తాను లారీతో, ఇనుము కోసే గ్యాసు బండతో దిగాడు. చక్రం మీద సుద్దతో గీత కూడా గీశాడు. అప్పుడొచ్చారు సుభద్రమ్మగారు, చేతిలో ఒడియాల పళ్ళెంతో.

"ఇదిగో రత్నం, చల్లగా ఉంది, కాదన్ను. కానీ ఆ గట్లూ గాడులూ ఏంటి? ఒడియాలెక్కడ ఎండబెట్టుకోను? కాలు పెడితే గుచ్చుకుంటంది."

నూకరత్నం ఆ మాట కోసమే కాచుకున్నట్టు రెడ్డిగారి వైపు తిరిగింది. "అదేనండి నేను చెప్పేది. గాడుల్లేకుండా బల్లపరుపు అచ్చు కావాలి. ఉత్త రెండు ఇనప పలకలండి. లేతు పనోడు చేసేత్తాడు. ఊళ్ళో ఎన్ని స్లాబులుంటే అన్ని పెంకులు."

రెడ్డిగారు కాలువ వైపు చూశారు. నన్ను దింపినరోజు నవ్విన వాళ్ళ ఇళ్ళన్నీ ఇప్పుడు డాబాలే. ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ పెదాలు కదిపారు. ముప్ఫై దాటాక ఆపేశారు.

"మస్తానూ, నువ్వెళ్ళయ్యా."

మస్తాను వెంటనే వెళ్ళలేదు. గ్యాసు బండ మళ్ళీ లారీ ఎక్కించి, తలగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "రెడ్డిగారూ, మాదీ స్లాబేనండి. మా ఆవిడ వరండాలో పడుకుంటంది. మాకెప్పుడిత్తారు?"

అలా నన్ను కోయడానికి వచ్చినవాడే నా మొదటి బేరమయ్యాడు.

కొత్త అచ్చు బిగించాక తొలి బట్టీ దింపినరోజు రెడ్డిగారు నిచ్చెన తెమ్మనలేదు. డాబాకి మెట్లున్నాయి. మోకాళ్ళు పట్టుకుని తానే ఎక్కారట. పసుపు రాసిన పెంకుతో నూకరత్నం వెనకే వెళ్ళిందట.

"నీ చేత్తోనే పెట్టవే," అన్నారట.

"మా యమ్మ ఎప్పుడూ కిందనించి అందించేదండి," అందట నూకరత్నం, పెట్టి నిలబడ్డాక. పైనుంచి మా కార్ఖానా కనబడుతుందని ఆమెకి ఆ రోజే తెలిసిందట.

కింద గేటు ముందు టీ హోటలు మళ్ళీ తెరిచారు. పదకొండు మంది ఇరవై ఆరు మంది అయ్యారు. నా చక్రం మీద మస్తాను గీసిన సుద్దగీత ఇంకా కొంచెం కనిపిస్తుంది, ఎవరూ తుడవలేదు. అరిగే దాకా తిరగనీ అంది నూకరత్నం. స్లాబు కూడా పాతబడే రోజొకటి వస్తుంది, అప్పుడు నాకు ఏ అచ్చు బిగిస్తారో. ఇప్పటికైతే ఒంటి మీద తుప్పుంది గానీ, దాని గురించి ఆలోచించే తీరిక లేదు.